బంజరు అనే మాట, వృథా అనే ఖర్చు: జాతీయ ఇంధన విధానంలో పశ్చిమ ప్రకాశం మెట్టనేల – విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

దిగుమతి చేసుకునే చమురుకు ప్రత్యామ్నాయాన్ని మెట్టప్రాంతపు బంజరు భూముల్లో పండించాలన్న ఆలోచన భారతదేశ ఇంధన విధానంలో రెండు దశాబ్దాలుగా వినిపిస్తోంది. 2003లో జట్రోఫా, ఆ తరువాత కానుగ, 2024 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో నేపియర్ గడ్డి ఈ ఆలోచనకు రూపాలయ్యాయి. పంటలు మారినా ‘బంజరు’ అనే మాట మారలేదు. ఈ పదం రెవెన్యూ లెక్కల్లో ఏ అర్థంతో పుట్టిందో, తెలుగు పల్లె వాడుకలోని ‘బీడు’కు అది ఎలా భిన్నమైందో, ఆ భేదాన్ని విస్మరించడం ప్రభుత్వ వ్యయాన్ని ఎలా నిష్ఫలం చేసిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ భాగంలోని వెలిగండ్ల, కనిగిరి పరిసరాలను ఆధారంగా తీసుకొని, భూమికి పెట్టిన పేరే ఖర్చుకు ముందు అడగవలసిన ప్రశ్నలను అడ్డుకుంటున్నదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బంజరు, బీడు, పోరంబోకు, ఇంధన విధానం, నిష్ఫల వ్యయం, సర్కారు తుమ్మ, జట్రోఫా, కానుగ, నేపియర్ గడ్డి, వెలిగండ్ల.

1. ప్రవేశిక

ప్రభుత్వ ధనం దుర్వినియోగమైనప్పుడు తెలుగులో వాడే మాటలు అనేకం. అవసరానికి మించి ఖర్చుచేస్తే ‘దుబారా’ అంటారు. ఫలితం దక్కకపోతే ‘వృథా’ అంటారు. తనది కాని సొమ్మును ఉదారంగా పంచేవాణ్ణి ‘అత్త సొమ్ము అల్లుడు దానం’ అన్న సామెత ఎత్తిపొడుస్తుంది. ఆడిట్ పరిభాష ఈ భేదాలను నిష్ఫల వ్యయం, నివారించదగిన వ్యయం వంటి పదబంధాలతో గుర్తిస్తుంది. వీటన్నిటిలోనూ వృథా అనేది ఖర్చుకు సంబంధించిన గుణం. ఇంధన విధాన పత్రాల్లో మాత్రం అది తరచుగా భూమి గుణంగా కనిపిస్తుంది. అక్కడ నేల ముందే వృథాగా ఉంటుంది, ఖర్చు దానిని ఉద్ధరించడానికి వస్తుంది.

ఈ తారుమారును పరిశీలించడానికి పశ్చిమ ప్రకాశం తగిన ప్రాంతం. కనిగిరి శాసనసభ నియోజకవర్గంలోని వెలిగండ్ల మండలం వర్షాధారపు మెట్టసాగు మీద ఆధారపడిన ప్రాంతం. ఒకప్పుడు ఇది నెల్లూరు జిల్లాలో అంతర్భాగం. 1970 ఫిబ్రవరి 2న నెల్లూరు, కర్నూలు, గుంటూరు జిల్లాల భాగాలను కలిపి ఒంగోలు జిల్లాను ఏర్పరచారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఉమ్మడి జిల్లా తూర్పు తీరానికి ఉన్న నీటి వసతి పడమటి మండలాలకు లేదు. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కొండల గుండా సొరంగాల ద్వారా నీటిని తీసుకురావలసిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఇక్కడి మెట్టభూముల నిరీక్షణకు అదే కొలమానం. భూగర్భ జలాల్లో ఫ్లోరైడు కనిగిరి ప్రాంతాన్ని దీర్ఘకాలంగా పీడిస్తున్న సమస్య.

నీరు చాలని ఇటువంటి చోటనే ‘బంజరు’ విస్తీర్ణం లెక్కల్లో అధికంగా కనిపిస్తుంది. అందువల్ల ఇంధన పంటలను ప్రతిపాదించిన ప్రతిసారీ విధానకర్తల దృష్టి ఈ నేల మీద పడటం సహజం. ఆ దృష్టి ఏమి చూసింది, ఏమి చూడలేదు అన్నదే ఇక్కడి విచారణ.

2. బీడు, బంజరు, పోరంబోకు

‘బీడు’ తెలుగు రైతు మాట. సాగుచేయకుండా విడిచిన నేల, పశువులు మేసే నేల అన్న రెండర్థాలూ దానికున్నాయి. ‘ఈ ఏడు బీడు పెట్టాడు’ అన్న వాక్యంలో నేల స్వభావం కంటే రైతు నిర్ణయం ప్రధానం. వాన చాలకనో, పెట్టుబడి లేకనో, నేలకు విశ్రాంతినివ్వాలనో ఆ నిర్ణయం జరిగి ఉండవచ్చు. మరుసటి తొలకరికి అదే నేల కందిచేను కావచ్చు. బీడు ఒక దశ మాత్రమే.

‘బంజరు’ హిందీ ద్వారా పాలనా భాషలోకి వచ్చి స్థిరపడిన పదం. నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో రైత్వారీ సెటిల్మెంటు భూమిని మాగాణి, మెట్ట, పోరంబోకు, బంజరు అని విభజించింది. బంజరును మళ్లీ శిస్తు నిర్ణయించినది, నిర్ణయించనిది అని వేరుచేసింది. ఈ విభజనకు ప్రాతిపదిక ఆదాయం. ఎవరి పేరనా పట్టా లేని, శిస్తు రాని నేల బంజరు అయింది. దాని మీద గడ్డి మొలుస్తుందా, ఆ గడ్డిని ఎవరి గొర్రెలు మేస్తాయి అన్న విషయం శిస్తు లెక్కకు అక్కరలేదు.

తమిళం నుంచి వచ్చిన ‘పోరంబోకు’ది కూడా ఇదే తర్కం. శిస్తు లెక్కకు వెలుపల ఉంచిన నేల అని దాని భావం. కానీ గ్రామం ఆ పదానికి విశేషణాలు చేర్చి ప్రయోజనాన్ని నిలబెట్టుకున్నది. మేత పోరంబోకు, వాగు పోరంబోకు, శ్మశాన పోరంబోకు, మందబయలు అన్న పేర్లు ఆ నేల ఎందుకు ఉందో చెబుతాయి. లెక్కకు వెలుపలి నేల జీవితానికి వెలుపలిది కాదన్న ఎరుక ఈ పేర్లలో ఉంది. కాలక్రమంలో ‘పోరంబోకు’ తిట్టుగా మారడం, పాలనాదృష్టి జనభాషను ఎంతవరకు ప్రభావితం చేసిందో సూచిస్తుంది.

స్వాతంత్ర్యానంతరం ఈ పదజాలం జాతీయ స్థాయికి చేరింది. 1985లో జాతీయ బంజరు భూముల అభివృద్ధి మండలి ఏర్పడింది. కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సహకారంతో దేశ బంజరు భూముల అట్లాసును 2000లో తొలిసారి ప్రచురించింది. అందులో దేశంలోని బంజరు విస్తీర్ణం సుమారు 6.38 కోట్ల హెక్టార్లు. 2019 ప్రచురణలో అది సుమారు 5.58 కోట్ల హెక్టార్లు. ఈ మధ్యకాలంలో వర్గీకరణ పద్ధతులు కూడా మారాయి కనుక, ఈ తగ్గుదల అంతా నేల బాగుపడటం వల్లనే వచ్చిందని చెప్పలేము. ఈ వర్గాల్లో ‘క్షీణించిన పచ్చిక బయళ్లు’ ఒకటి, పొదలున్న నేల మరొకటి. పచ్చిక బయలు క్షీణించిందంటే దానిని మేపుతున్నవారు ఉన్నారని అర్థం. అట్లాసు అదే నేలను బంజరుగా లెక్కిస్తుంది. ఉపగ్రహ చిత్రంలో గడ్డి పలుచన కనిపిస్తుంది కానీ మంద వెంట నడిచే మనిషి హక్కు కనిపించదు.

3. సర్కారు తుమ్మ: తొలి ఇంధన మొక్క

ఇంధనం కోసం బంజరు భూముల్లో పరాయి మొక్కను నాటడం ఈ శతాబ్దపు ఆలోచన కాదు. వంటచెరకు కొరతను దృష్టిలో ఉంచుకొని మద్రాసు ప్రభుత్వపు అటవీశాఖ మధ్య అమెరికా, కరీబియన్ ప్రాంతాల తుమ్మజాతి విత్తనాలను తెప్పించింది. 1877లో వాటిని కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటింది. పశ్చిమ ప్రకాశానికి పొరుగు జిల్లా అది. దేశంలో ఈ మొక్క ప్రవేశానికి తొలి నమోదుగా పరిశోధకులు దీనినే పేర్కొంటారు.

జనం ఆ చెట్టుకు పెట్టిన పేరు ‘సర్కారు తుమ్మ’. ఎవరు తెచ్చారో పేరే చెబుతుంది. నల్లతుమ్మ ఊరిది, ఇది సర్కారుది. చెట్టు తానుగా విస్తరించింది. కాయలు తిన్న పశువుల పేడ ద్వారా గింజలు వ్యాపించాయి. చెరువు గర్భాలు, వాగు గట్లు, మేత బయళ్లు కంపమయమయ్యాయి. ఆకును పశువులు ఇష్టంగా మేయవు కనుక అది నిలిచింది, దాని నీడలో గడ్డి నిలవలేదు.

ఈ అనుభవాన్ని పూర్తిగా వైఫల్యంగా చిత్రించడం న్యాయం కాదు. మెట్టపల్లెల్లో పేదల పొయ్యికి దశాబ్దాలుగా కట్టె ఇచ్చింది సర్కారు తుమ్మే. కంప కొట్టి బొగ్గు కాల్చడం భూమి లేని కుటుంబాలకు జీవనాధారమైంది. రాష్ట్రంలోని జీవద్రవ్య విద్యుత్కేంద్రాలు కూడా వరి ఊకతో పాటు ఈ కట్టెను వాడాయి. ఇంధన పంటగా చూస్తే లక్ష్యాన్ని సాధించిన మొక్క ఇది. అయితే మేత నేలను కోల్పోయిన ఖర్చు ఎవరి పద్దులోనూ నమోదు కాలేదు. నేలను ముందే బంజరుగా లెక్కించారు కనుక, అక్కడ పోవడానికి విలువైనదేదీ లేదన్నది అంతర్లీన భావన. ప్రయోజనం లెక్కలోకి వచ్చి నష్టం రాకపోవడం అన్న పద్ధతి ఇక్కడే ఆరంభమైంది.

4. జట్రోఫా, కానుగ: లక్ష్యాల దశాబ్దం

4.1 నివేదిక లెక్క

2003 ఏప్రిల్‌లో ప్రణాళికా సంఘం నియమించిన జీవఇంధన అభివృద్ధి కమిటీ తన నివేదికను సమర్పించింది. డీజిల్‌లో 20 శాతం జీవడీజిల్‌ను 2011–12 నాటికి కలపడం లక్ష్యం. దీనికి ఎంచుకున్న మొక్క జట్రోఫా, తెలుగులో అడవి ఆముదం. దేశంలో సుమారు 1.34 కోట్ల హెక్టార్లు ఈ సాగుకు లభ్యమవుతాయని నివేదిక అంచనా వేసింది. తొలిదశలో 4 లక్షల హెక్టార్లలో ప్రదర్శన సాగు జరగాలని సూచించింది. హెక్టారుకు 3.75 టన్నుల గింజ, దాని నుంచి సుమారు 1.2 టన్నుల నూనె వస్తుందన్నది లెక్క.

ఈ లెక్కలో కీలకమైన మాట ‘లభ్యత’. నేల ఖాళీగా ఉండి పంట కోసం ఎదురుచూస్తున్నదన్న భావన ఈ ఒక్క పదంలో ఇమిడి ఉంది. జట్రోఫాకు చెప్పిన సుగుణాలు రెండు: ఎక్కువ నీరు అక్కరలేదు, పశువులు తినవు. రెండవ సుగుణాన్ని విమర్శకుడు జాగ్రత్తగా చదవాలి. పశువులు తినకపోవడం లాభమని చెప్పవలసివచ్చిందంటే ఆ నేలలో పశువులు తిరుగుతున్నాయని నివేదిక పరోక్షంగా అంగీకరించినట్లే. నేల ‘లభ్యం’ అన్న వాదాన్ని మొక్కకు ఆరోపించిన సుగుణమే ఖండిస్తున్నది.

4.2 రాష్ట్రంలో అమలు

ఆంధ్రప్రదేశ్‌లో ఈ కార్యక్రమ బాధ్యత వర్షచ్ఛాయా ప్రాంతాల అభివృద్ధి శాఖకు చేరింది. మేఘమథనం నిర్వహించిన శాఖ కూడా ఇదే. ఒకవైపు ఆకాశం నుంచి నీరు రప్పించే ప్రయత్నం, మరొకవైపు నీరు అక్కరలేని పంట పెంచే ప్రయత్నం ఒకే శాఖలో నడిచాయి. నీరు అక్కరలేదన్న మాట కూడా ఎక్కువకాలం నిలవలేదు. జట్రోఫా సాగుకు బిందుసేద్యపు రాయితీని జోడించవలసి వచ్చింది. వర్షాధారపు నేలలో మొక్క బతుకుతుంది, కానీ బతకడం వేరు, గింజ కాయడం వేరు. చాలాచోట్ల దిగుబడి నివేదిక అంచనాలో సగానికి కూడా చేరలేదు. 2006 జనవరి నుంచి అమలైన కేంద్ర కొనుగోలు విధానం జీవడీజిల్‌కు లీటరుకు రూ.25 ధర నిర్ణయించింది. ఉత్పత్తి ఖర్చుకు అది చాలకపోవడంతో గింజ సేకరణ వ్యవస్థ నిలదొక్కుకోలేదు.

క్రమంగా రాష్ట్రం దృష్టి జట్రోఫా నుంచి కానుగ వైపు మళ్లింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకం ద్వారా కానుగ మొక్కల పెంపకానికి కూలి దొరికింది. కానుగ తెలుగు నేలకు పరాయిది కాదు. పొలానికి పచ్చిరొట్ట, దీపానికి నూనె, పంటికి పుల్ల, చేనుకు చెక్క ఇచ్చిన చెట్టు. కానీ కానుగ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. గుంత తీసినందుకు కూలి లెక్క ఉంటుంది, మొక్క నాటినందుకు లెక్క ఉంటుంది. ఐదేళ్ల తరువాత ఎన్ని చెట్లు కాస్తున్నాయన్న లెక్కకు అదే స్థాయిలో బాధ్యులు లేరు.

4.3 ఒక భిన్నమైన ఉదాహరణ

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని గోండు గూడెం పవర్‌గూడ ఇదే కానుగతో వేరొక ఫలితాన్ని సాధించింది. స్వయంసహాయక బృందాల మహిళలు కానుగ గింజ సేకరించి, నూనె తీసే యంత్రాన్ని నడిపారు. 2003లో 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన ఉద్గారాల తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు విక్రయించి 645 డాలర్లు పొందారు. మొత్తం చిన్నదే. కానీ అక్కడ చెట్టు ముందే ఉంది, గింజ ఏరడం ముందే తెలుసు, నిర్ణయం బృందానిది. నేలను ఎవరూ బంజరు అని పిలవలేదు. మొక్క ఒకటే అయినా ఫలితం మారడానికి కారణం భూమికీ మనిషికీ ఉన్న సంబంధాన్ని పథకం గుర్తించడమే.

4.4 మళ్లీ లక్ష్యం

2009 డిసెంబరులో వెలువడిన జాతీయ జీవఇంధన విధానం 20 శాతం లక్ష్యాన్ని 2017కు జరిపింది. సాగునీటి వసతి ఉన్న మంచి నేలలను వదిలి ప్రభుత్వ, సామూహిక బంజరు భూములనే వాడాలని సూచించింది. ఆహారభద్రత దృష్ట్యా ఇది వివేకవంతమైన నియమం. ‘సామూహిక బంజరు’ అన్న పదబంధం మాత్రం ఆలోచింపజేస్తుంది. నేల ఒక సమూహానిది అయినప్పుడు ఆ సమూహానికి దానితో పని ఉండే ఉంటుంది, పని ఉన్న నేలను బంజరు అనడం పొసగదు.

2018 విధానం జీవడీజిల్ లక్ష్యాన్ని 5 శాతానికి తగ్గించి 2030కి జరిపింది. దేశీయ ముడిసరుకు నిలకడగా లభించకపోవడం అవరోధమైందని అందులో అంగీకారం ఉంది. ఎందుకు లభించలేదన్న విచారణ లేదు. వాస్తవంగా డీజిల్‌లో కలిసిన జీవడీజిల్ ఒక శాతానికి చాలా దిగువనే ఉండిపోయింది. లక్ష్యం విఫలమైనప్పుడు విధానం తేదీని మార్చింది, అంకెను మార్చింది. భూమిని గురించిన మూలభావనను మార్చలేదు.

5. నేపియర్ గడ్డి: ఆరంభమవుతున్న అధ్యాయం

2018 అక్టోబరు 1న కేంద్రం సంపీడిత జీవవాయువు కోసం ‘సతత్’ పథకాన్ని ప్రారంభించింది. 2023 నాటికి 5,000 కర్మాగారాలు నెలకొల్పాలన్నది లక్ష్యం. 2024 ఆరంభానికి నెలకొన్నవి వందకు చేరలేదు. తరువాత నగర గ్యాస్ సంస్థలు 2025–26లో 1 శాతంతో మొదలుపెట్టి 2028–29 నాటికి 5 శాతం జీవవాయువును తప్పనిసరిగా కలపాలన్న నిబంధన వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 అక్టోబరులో సమీకృత స్వచ్ఛ ఇంధన విధానాన్ని ప్రకటించింది. జీవవాయు కర్మాగారాలకు స్థిరమూలధన పెట్టుబడిపై 20 శాతం రాయితీ, ఐదేళ్లపాటు రాష్ట్ర వస్తుసేవల పన్ను, విద్యుత్ సుంకాల తిరిగి చెల్లింపు అందులోని ప్రోత్సాహకాలు. 2024 నవంబరులో రిలయన్స్ సంస్థతో 500 కర్మాగారాలకు ఒప్పందం కుదిరింది. ఒక్కొక్కదానికి సుమారు రూ.130 కోట్లు, మొత్తం రూ.65,000 కోట్లు పెట్టుబడిగా ప్రకటించారు. వీటిలో మొదటిదానికి 2025 ఏప్రిల్ 2న పెదచెర్లోపల్లి మండలం దివాకరపల్లిలో శంకుస్థాపన జరిగింది. వెలిగండ్ల మండలమున్న కనిగిరి నియోజకవర్గంలోనిదే ఆ గ్రామం. ఈ విధంగా జాతీయ ఇంధన విధానపు కొత్త అధ్యాయం పశ్చిమ ప్రకాశపు మెట్టనేల మీద ఆరంభమైంది.

ఈ పథకాన్ని జట్రోఫాతో సమానం చేయడం తొందరపాటు. ఇక్కడ కొనుగోలుదారు ముందే నిశ్చయమై ఉన్నాడు. కలపడం నిబంధనగా మారింది. కర్మాగారానికి ప్రధాన పెట్టుబడి ప్రైవేటు సంస్థది. గడ్డిని గాలి చొరబడని తొట్లలో పులియబెట్టి, వెలువడిన వాయువులోని మీథేన్‌ను శుద్ధిచేసే సాంకేతికత నిరూపితమైనది. మిగిలిన మడ్డి సేంద్రియ ఎరువుగా చేలకు తిరిగి రాగలదు. కాపుకు ఏళ్ల తరబడి ఎదురుచూడనవసరం లేదు, ఏడాదిలోనే పలుమార్లు కోత వస్తుంది.

అయినా పాత ప్రశ్న పాతదిగానే ఉంది. పలుమార్లు కోతకు వచ్చే గడ్డికి పలుమార్లు నీరు కావాలి. వర్షాధారపు మెట్టలో నేపియర్ నిండు దిగుబడి ఇవ్వదు. ఆ నీరు బోరుబావుల నుంచి రావలసివస్తే, ఫ్లోరైడు పీడిత ప్రాంతంలో తాగునీటికీ గడ్డికీ మధ్య పోటీ ఏర్పడుతుంది. 2004 నుంచి రాష్ట్రంలో వ్యవసాయ విద్యుత్తు ఉచితం. ఇంధన గడ్డి తడికి కూడా ఆ విద్యుత్తే వాడితే, స్వచ్ఛ ఇంధనపు ఖర్చులో ఒక భాగం వ్యవసాయ రాయితీ పద్దులోకి చేరుతుంది. అప్పుడు ఒక యూనిట్ జీవవాయువుకు ప్రభుత్వం చెల్లిస్తున్న నిజమైన మూల్యం ఏ ఒక్క శాఖ లెక్కలోనూ సంపూర్ణంగా కనిపించదు.

ఇంకొక వైరుధ్యం ఈ నాలుగు మొక్కల క్రమంలో ఉంది. సర్కారు తుమ్మ ఆకును పశువు ఇష్టపడదు. జట్రోఫాను ముట్టదు. కానుగ రొట్టకూ అంతగా మరగదు. నేపియర్ మాత్రం అచ్చమైన మేత. పాడిరైతులు కొనితెచ్చి పెంచుకునే గడ్డి అది. మేత బయలును బంజరుగా పిలిచి, దాని మీద తొలిసారిగా నిజమైన మేతను పండించి, దానిని తొట్టిలోకి పంపే స్థితి ఏర్పడుతున్నది. ఒంగోలు జాతి పశువులకు పేరొందిన ఉమ్మడి జిల్లాలో, గొర్రెల పెంపకం మీద బతికే మండలాల్లో ఈ వైరుధ్యం అలంకారికమైనది కాదు.

6. వృథా ఎక్కడ జరుగుతుంది?

పై ఘట్టాలలో నిష్ఫల వ్యయం మూడు చోట్ల సంభవించే అవకాశం కనిపిస్తుంది.

మొదటిది గుర్తింపు దశ. బంజరు అని నమోదైన నేలలో మేత ఉండవచ్చు. పేదలు సాగుచేస్తున్న ఆక్రమణ ఉండవచ్చు. డి-పట్టాగా పంచిన అసైన్డ్ భూమి ఉండవచ్చు. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం పేదల చేతిలోని భూమి జారిపోకుండా చేసిన చట్టం. ఆ పేదలను ఒప్పందంలో ఒక పక్షంగా గుర్తించకుండా నేలను ‘లభ్యం’ అనుకుంటే, తరువాత వచ్చే వివాదం, జాప్యం, పరిహారం అన్నీ అదనపు ఖర్చులవుతాయి. పామూరు, పెదచెర్లోపల్లి మండలాల్లో జాతీయ పెట్టుబడుల, తయారీ మండలికి గతంలో వేల ఎకరాలు ప్రతిపాదించారు. ఒకే ప్రాంతపు నేల ఒక దశాబ్దంలో పరిశ్రమకు, మరొక దశాబ్దంలో గడ్డికి ‘ఖాళీ’గా కనిపించడం నేల స్వభావం కంటే చూపు స్వభావాన్ని తెలుపుతుంది.

రెండవది పద్దు దశ. జట్రోఫా, కానుగ ఖర్చు నర్సరీలకు, బిందుసేద్యానికి, ఉపాధి కూలికి, విస్తరణకు చెదిరిపోయింది. ఇందులో కూలి వృథా కాలేదు, అది పేద ఇంటికి చేరింది. కానీ ఖర్చు వేర్వేరు శాఖల్లో చెదిరినప్పుడు ఫలితానికి జవాబుదారీ కూడా చెదురుతుంది. ఆడిట్ ఒక పద్దును పట్టుకోగలదు, అనేక పద్దుల మధ్య జారిపోయిన లక్ష్యాన్ని పట్టుకోవడం దానికి కష్టం.

మూడవది ముగింపు దశ. ప్రతి పథకానికీ ప్రారంభ తేదీ ఉంది. జట్రోఫా పథకానికి ముగింపు తేదీ లేదు. అది విఫలమైందని ప్రకటించి, కారణాలను గ్రామస్థాయిలో నమోదు చేసి ఉంటే, నేపియర్ పథకం ఆ అనుభవం మీద నిలబడేది. ముగియని పథకం పాఠం కాలేదు. వైఫల్యం కంటే దానిని రాయకపోవడమే పెద్ద వృథా.

7. ప్రతివాదాల పరిశీలన

భారతదేశం తన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్నది. ఇటువంటి స్థితిలో ప్రయోగాలు తప్పవని, కొన్ని విఫలం కావడం సహజమని వాదించవచ్చు. ఈ వాదంలో బలం ఉంది. ప్రయోగానికి ఖర్చుచేయడాన్ని దుబారా అనలేము. కానీ ప్రయోగం అన్నదానికి కొలత, కాలపరిమితి, ఫలిత నివేదిక ఉండాలి. అవి లేకుండా లక్షల హెక్టార్ల లక్ష్యంతో మొదలైనదానిని ప్రయోగమని సమర్థించుకోవడం చెల్లదు.

మెట్టరైతే తన బీడును కౌలుకు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడన్నది రెండవ వాదం. కందికి ధర లేని ఏడాది, వాన తప్పిన ఏడాది నిశ్చితమైన కౌలు ఆకర్షణీయమే. పిల్లలు హైదరాబాదు, బెంగళూరు వలసపోయిన ఇంట్లో నేలను కనిపెట్టుకొని ఉండటమే భారం. ఈ వాస్తవాన్ని కాదనడం పల్లెను పటంలో బిగించి చూడటమే అవుతుంది. అయితే పట్టా రైతు ఎంపిక వేరు, మేత బయలు మీద ఆధారపడినవారి స్థితి వేరు. మొదటివారికి కౌలు వస్తుంది. రెండవవారి పేర ఏ కాగితమూ లేదు కనుక, వారికి నష్టం జరిగినా అది నష్టంగా నమోదు కాదు. గొర్రెల మంద బయలు మీద మేసి, రాత్రి చేలో మంద కట్టినప్పుడు పట్టా భూమికి ఎరువు చేరుతుంది. బయలు పోతే మంద తగ్గుతుంది, మంద తగ్గితే చేను ఎరువును కొనవలసివస్తుంది. అందువల్ల ఆ నష్టం చివరకు పట్టా రైతు గడప కూడా తొక్కుతుంది.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. ‘బంజరు’ అనే పాలనా పదం శిస్తు లేమిని సూచిస్తుంది, ‘బీడు’ అనే జనపదం సాగులో ఒక దశను సూచిస్తుంది. ఇంధన విధానాలు మొదటి పదాన్ని స్వీకరించి దానిని నేల నిరుపయోగానికి నిదర్శనంగా భావించాయి.

2. 1877 నాటి సర్కారు తుమ్మ నుంచి 2003 నాటి జట్రోఫా వరకు ఇంధన మొక్కల ప్రయోజనం పద్దులకెక్కింది, మేత నేల నష్టం ఎక్కలేదు. పశువులు తినవన్న సుగుణమే ఆ నేలలో పశువుల ఉనికికి సాక్ష్యం.

3. 2011–12 లక్ష్యం 2017కు, అక్కడి నుంచి 2030కి జరిగింది. కారణాలను విచారించకుండా తేదీలను జరపడం వల్ల పాత వ్యయం కొత్త పథకానికి అనుభవంగా ఉపకరించలేదు.

4. పవర్‌గూడ ఉదాహరణ, ఇంధన పంట విజయానికి మొక్క కంటే భూమితో మనిషికున్న సంబంధం నిర్ణాయకమని చూపుతుంది.

5. నేపియర్ ఆధారిత జీవవాయు పథకం మార్కెట్, సాంకేతికత విషయాల్లో జట్రోఫా కంటే మెరుగైన స్థితిలో ఉంది. నీరు, మేత, ఉచిత విద్యుత్తు అనే మూడు అంశాల్లో దాని సంపూర్ణ వ్యయం ఒకే చోట లెక్కకు రావలసి ఉంది.

ఈ చివరి అంశమే అత్యవసరమైనది. జట్రోఫా విషయంలో విమర్శ గతాన్ని గురించినది. నేపియర్ విషయంలో నిర్ణయాలు ఇంకా జరుగుతున్నాయి, కొన్ని గ్రామాల్లో నేలను గుర్తించడమే మొదలుకావలసి ఉంది. నేలను కేటాయించే ముందు గ్రామసభలో మూడు సంగతులు తేల్చి రాయడానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు: ఈ నేలను ఇప్పుడు ఎవరు వాడుకుంటున్నారు, తడి ఎక్కడి నుంచి వస్తుంది, ఐదేళ్ల తరువాత ఫలితాన్ని ఎవరు లెక్కచెప్పాలి. అడంగల్‌లో ‘బంజరు’ అన్న ఒక్క మాట పక్కన ఈ మూడు జవాబులు చేరితే, ఆ నేల ఇంధనానికి తగినదో కాదో అప్పుడు తెలుస్తుంది. అవి చేరకపోతే, వెలిగండ్ల వంటి మండలాలు మరొక మొక్కకు, మరొక తేదీకి ఎదురుచూడవలసి వస్తుంది.